పోయిన చలికాలం రెండు రోజులే మంచు పడింది కదా, ఉప్పు చల్లించే కాంట్రాక్టు ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంగ్లండ్‌లోని డెర్బీ శివార్లలో 30 పడకల కేర్ హోమ్ (వృద్ధుల్ని ఉంచి చూసుకునే ఇల్లు) నడుపుతున్నారు. పోయిన చలికాలం మొత్తంలో మంచు పడింది రెండే రోజులు. కార్ పార్కులో, నడక దారుల్లో ఐస్ కట్టకుండా ఉప్పు చల్లడానికి ఒక కంపెనీ నవంబరు నుంచి మార్చి దాకా ఒప్పందం చేసుకోమంటోంది. వాతావరణం ఎలా ఉంటుందో వాళ్లకే తెలియనప్పుడు ముందుగా డబ్బు ఎందుకు కట్టాలి, మా కేర్‌టేకర్ చేత రెండు బస్తాలు చల్లిస్తే సరిపోదా అని అడిగారు.

నేను మిడ్‌లాండ్స్‌లో పంతొమ్మిదేళ్లుగా గిడ్డంగులు, ఆఫీసులు, రెండు కేర్ హోమ్‌ల నిర్వహణ చూస్తున్నాను. సూటిగా చెబుతాను: ఒప్పందం చేసుకోండి. వాళ్లు ఇచ్చిన కాగితం మీద అలాగే సంతకం పెట్టమని కాదు, దాని గురించి కింద రాస్తాను. కానీ ‘వాతావరణం తెలియదు కాబట్టి వద్దు’ అనే మీ లెక్క తిరగబడి ఉంది. తెలియదు కాబట్టే కావాలి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దవాళ్లు అన్నారు. అలా అని కళ్లంలో ధాన్యం ఆరబోసిన రైతు ఊరుకోడు, పట్టాలు పక్కన పెట్టుకునే పడుకుంటాడు. పోయినేడు వాన పడలేదని ఈ ఏడు పట్టాలు మానేసిన రైతును నేను చూడలేదు.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మన భాషలో అన్నిటికీ మంచు అనేస్తాం. గడ్డి మీద నీటి బొట్లూ మంచే, తెల్లవారి పొగలా కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, నేల మీద గాజులా బిగుసుకునేదీ మంచే. మీరు లెక్కపెట్టిన రెండు రోజులూ దూదిలా రాలిన మంచువి. అది కంటికి కనిపిస్తుంది, పిల్లలు ఫోటోలు తీస్తారు, అందరూ జాగ్రత్తగా నడుస్తారు. మనుషుల్ని పడేసేది ఎక్కువగా నాలుగో రకం. సాయంత్రం వాన పడి, రాత్రి ఆకాశం తేటపడి, తెల్లవారుజామున ఆ తడే బిగుసుకుంటుంది. తారు రంగు కిందినుంచి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చూసినవాళ్లకు ఉత్త తడిలాగే ఉంటుంది. బ్లాక్ ఐస్ అనేది దీన్నే. అలాంటి రాత్రులు పోయిన చలికాలంలో ఎన్ని వచ్చాయో మీ దగ్గర లెక్క ఉండదు. ఎవరూ పడలేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

ఇక్కడే ఫోన్‌లో చూసే ఉష్ణోగ్రత మోసం చేస్తుంది. వాతావరణ శాఖ చెప్పే అంకె నేల నుంచి సుమారు మీటరుంపావు ఎత్తులో, నీడలో కొలిచే గాలిది. మీ కార్ పార్కు నేలది కాదు. ఊళ్లో డాబా మీద పడుకున్నవాళ్లకు ఇది అనుభవమే. మబ్బు లేని రాత్రి తెల్లవారేసరికి దుప్పటి తడిసి ఉంటుంది, మబ్బు పట్టిన రాత్రి తడవదు. వరండాలో పెట్టిన బండి సీటు పొడిగా ఉంటుంది, వాకిట్లో పెట్టినది నీళ్లు కారుతుంది. పైన అడ్డం ఏదీ లేనప్పుడు నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిపోతుంది. ఇంగ్లండ్‌లో చలికాలపు రాత్రి అదే జరిగితే ఫోన్‌లో 3 డిగ్రీలు అని ఉన్నా నేల సున్నా కిందికి దిగిపోతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లు నేల ఉష్ణోగ్రత అంచనా తెప్పించుకుంటారు, అదీ మీ పోస్ట్‌కోడ్ ప్రాంతానికి.

ఇంకో సంగతి. బాగా చలి ఉన్న రాత్రి కంటే సున్నా దగ్గర ఊగిసలాడే రాత్రే ప్రమాదం. మైనస్ పదిలో ఐస్ పొడిగా ఉంటుంది, కాలు కాస్త పట్టు దొరకబుచ్చుకుంటుంది. సున్నా దగ్గర దాని మీద సన్నటి నీటి పొర ఉంటుంది. ఈ దేశపు చలికాలం ఎక్కువ భాగం ఆ సున్నాకు అటూ ఇటూనే గడుస్తుంది. ‘ఎటూ తేలని వాతావరణం’ అని మనం అనేది దీన్నే. అది తేలికపాటి చలికాలం అనుకోకండి.

నా అనుభవంలో ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక గిడ్డంగిలో నేను సూపర్‌వైజర్‌ని. మాకూ ఉప్పు చల్లే ఒప్పందం ఉండేది, కాకపోతే మేం ఫోన్ చేస్తేనే వచ్చే పద్ధతి. ఒక డిసెంబరు సాయంత్రం ఐదింటికి మా మేనేజర్ ఫోన్ చూశారు, 3 డిగ్రీలు, వాన. అక్కర్లేదన్నారు. నేనూ సరే అన్నాను. తొమ్మిదింటికి వాన ఆగింది, పదకొండుకు చుక్కలు కనిపించాయి. ఉదయం ఐదూ నలభైకి క్లీనింగ్ చేసే ఒకావిడ, యాభై దాటిన మనిషి, బస్సు దిగి నడిచి వస్తూ తలుపుకు కొద్ది దూరంలో పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఉప్పు డబ్బా అక్కడికి పది అడుగుల్లో నిండుగా ఉంది. ఆవిడ మళ్లీ ఆ పనికి రాలేదు. తర్వాత లాయర్ల నుంచి వచ్చిన ఉత్తరంలో ప్రశ్నలు మూడే: ఆ రాత్రి చల్లక్కర్లేదని ఎవరు నిర్ణయించారు, దేన్ని చూసి నిర్ణయించారు, ఎన్ని గంటలకు? మా దగ్గర కాగితం ముక్క కూడా లేదు. ఆవిడ ఆస్పత్రి మంచం మీద నుంచి నన్ను అడిగింది మాత్రం వేరే: ‘ఉప్పు అక్కడే ఉంది కదా?’ అని. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటి స్పష్టమైంది. మనం కొనేది ఉప్పు కాదు. ఉప్పు చవక. మీ కార్ పార్కు, దారులు కలిపి 800 చదరపు మీటర్లు అనుకుందాం. ఫ్రాస్ట్ (నేల మీద తడి గడ్డకట్టడం) రాకముందు జాగ్రత్తగా చల్లడానికి చదరపు మీటరుకు 10 నుంచి 20 గ్రాములు చాలు. ఎక్కువ వైపే లెక్కేసినా 16 కిలోలు, అంటే 25 కిలోల బస్తా ఒకటి పూర్తిగా కాదు. మీరు డబ్బు పెట్టేది రాత్రంతా అంచనాలు చూస్తూ, మీరు నిద్రలో ఉన్నప్పుడు వెళ్లాలా వద్దా అని నిర్ణయించి, వెళ్లి, చల్లి, టైముతో సహా రాసిపెట్టే మనిషి కోసం. ఆ నిర్ణయం సాయంత్రం ఐదింటికి అలసిపోయి ఇంటికి బయల్దేరే మేనేజర్ చేతిలో ఉండకూడదు.

ఇక చట్టం. ఇంగ్లండ్, వేల్స్‌లో 1957 నాటి ఆక్యుపయర్స్ లయబిలిటీ యాక్ట్ ప్రకారం, మీ ఆవరణలోకి వచ్చేవాళ్లు తగినంత భద్రంగా ఉండేలా మీరు తగినంత శ్రద్ధ తీసుకోవాలి. ఇందులో ‘తగినంత’ అనే మాట ముఖ్యం. మీ దగ్గర ఎవరూ ఎప్పటికీ జారకూడదని చట్టం అనదు. ఒక పద్ధతి పెట్టుకున్నారా, దాన్ని పాటించారా అని చూస్తుంది. సిబ్బంది విషయంలో 1974 హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం, పని స్థలాల గురించి 1992లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. మంచు, ఐస్ వల్ల ప్రమాదం తగ్గించే ఏర్పాట్లు ఉండాలని ఆ నిబంధనలకు తోడుగా ఉన్న మార్గదర్శకాల్లో నేరుగానే రాసి ఉంది: ఉప్పు చల్లడం, మంచు ఎత్తేయడం, అవసరమైతే కొన్ని దారులు మూసేయడం. జారి ఎముక విరిగినా (వేళ్లు కాకుండా), దెబ్బ వల్ల సిబ్బంది ఏడు రోజులకు మించి తమ పని చేయలేకపోయినా రిడార్ (RIDDOR, పనిచోట గాయాలను ప్రభుత్వానికి తెలియజేయాలనే నిబంధనలు) కింద రిపోర్టు చేయాలి. గాయపడినవాళ్లు కేసు వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి ఈ జనవరి రికార్డులు వచ్చే జనవరికి పారేయకండి.

మీలాంటివాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. 2010 డిసెంబరులో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసుకునే ఒక కేర్ వర్కర్, రోగి ఇంటికి వెళ్తూ మంచు కప్పిన దారిలో జారి మణికట్టుకు దెబ్బ తగిలించుకున్నారు. ఆ దారి ఆమె యజమానిది కూడా కాదు, బయటి దారి. అయినా 2016 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు యజమానిదే బాధ్యత అంది. చలికాలంలో సిబ్బంది జారతారని ఆ యజమానికి ముందే తెలుసు. అయినా మంచి బూట్లు వేసుకోండి అని చెప్పి ఊరుకున్నారు. బూట్లకు తగిలించుకునే పట్టీల్లాంటివి ఇచ్చి ఉండాల్సింది అన్నది తీర్పు సారం. మంచు ఏ రోజు పడుతుందో తెలియకపోవచ్చు, పడుతుందని మాత్రం అందరికీ తెలుసు. మీ సిబ్బందిలో ఇళ్లకు వెళ్లేవాళ్లు కూడా ఉంటే ఇది మీకు నేరుగా వర్తిస్తుంది.

స్థానిక కౌన్సిల్ లారీలు చల్లుతాయి కదా అని కూడా కొందరు అంటారు. వాళ్లు చల్లేది ముందుగా ఎంచుకున్న ప్రధాన రోడ్లకు. మీ గేటు లోపలికి రారు. గేటు బయటి పేవ్‌మెంట్ శుభ్రం చేస్తే మనమీదే కేసు పడుతుందేమోనని భయపడేవాళ్లూ ఉన్నారు. జాగ్రత్తగా చేసినవాళ్ల మీద కేసు పడే అవకాశం చాలా తక్కువని ప్రభుత్వమే చెప్పింది. వేడినీళ్లు మాత్రం పోయకండి, అవే మళ్లీ గడ్డకట్టి ఇంకా నున్నగా అవుతాయి.

మీ కేర్‌టేకర్ సంగతికి వద్దాం. ఆయన మంచి మనిషే అయి ఉంటారు, నాకు సందేహం లేదు. కానీ ఆయన డ్యూటీ ఎన్నింటికి మొదలవుతుంది? కేర్ హోమ్‌లలో సాధారణంగా ఎనిమిదికి. మీ నైట్ షిఫ్ట్ మారేది ఏడుకో, ఏడున్నరకో. డిసెంబరు చివర మీ దగ్గర సూర్యోదయమే ఎనిమిదింబావు ప్రాంతంలో. అంటే ఒక జట్టు చీకట్లో లోపలికి వచ్చి, ఇంకో జట్టు పన్నెండు గంటలు నిలబడి అలసిపోయిన కాళ్లతో బయటికి వెళ్లాక ఆయన ఉప్పు డబ్బా తెరుస్తారు. ఉప్పు చల్లగానే పనిచేయదు కూడా. తడిలో కరిగి ఉప్పునీరు అయ్యాకే ఐస్‌ని ఆపుతుంది. రోడ్డు మీదైతే టైర్లు నలిపి కలుపుతాయి, నడక దారిలో ఆ నలుగుడు ఉండదు, ఇంకా ఆలస్యం. అందుకే ముందు సాయంత్రం గానీ, జనం రావడానికి చాలా ముందు గానీ చల్లాలి. పోనీ ఆయన్ని నాలుగింటికి రమ్మంటారా? ఒంటరిగా, చీకట్లో, ఇంకా ఉప్పు పడని నేల మీద నడిచే మొదటి మనిషి ఆయనే అవుతారు. ఆయనకు జ్వరం వస్తే? క్రిస్మస్‌కు ఊరెళితే?

మీ సిబ్బందిలో మనవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. నేను చూసిన హోమ్‌లలో మాత్రం కేర్ వీసాల మీద మన రాష్ట్రాల నుంచి, కేరళ నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు. కారు ఉండదు, మొదటి బస్సు దిగి నడిచి వస్తారు. కాళ్లకు పల్చటి కాన్వాస్ బూట్లు. చాలామందికి ఇక్కడి చలికాలం కొత్త. తారు మీద మెరిసేది నీళ్లు కాదని చెప్పినవాళ్లు లేరు. ఇక్కడ పుట్టిన మనిషి ఆ మెరుపు చూడగానే అడుగు చిన్నది చేస్తాడు. మనవాళ్లు డ్యూటీకి లేటవుతోందని అడుగు పెద్దది చేస్తారు. ఈ ఒక్క కారణానికైనా ఈ ఖర్చు పెట్టమంటాను. నవంబరులో ఒక పావుగంట వాళ్లకు చూపించి చెప్పండి కూడా, దానికి డబ్బేం అవ్వదు.

కేర్‌టేకర్‌ని పక్కన పెట్టమనడం లేదు. పగలు మళ్లీ మంచు పడితే, కాంట్రాక్టర్ వెళ్లాక వాన వచ్చి ఉప్పు కడిగేస్తే, వంటింటి వెనక తలుపు దగ్గర నీళ్లు ఒలికితే ఆయనే దిక్కు. నాలుగు డబ్బాల ఉప్పు, ఉప్పును సమంగా చల్లే, తోసుకెళ్లే చిన్న స్ప్రెడర్, మంచి బూట్లు ఇవ్వండి. పారతో విసిరితే ఒకచోట కుప్ప, ఇంకోచోట ఖాళీ. ఉప్పు మీద మూత ఉండాలి, వానకు తడిస్తే సారం కారిపోతుంది. గోధుమ రంగు రాతి ఉప్పు (చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలో తవ్వేది ఇదే) కార్ పార్కుకు బాగుంటుంది, అందులోని మట్టి వల్ల గుమ్మం దగ్గర మరకలు పడతాయి. తలుపు ముందు తెల్ల ఉప్పు వాడండి. మైనస్ ఏడు, ఎనిమిది దాటాక ఉప్పు బలం బాగా తగ్గుతుంది. అలాంటి రోజుల్లో ఒక దారి తెరిచి, మిగతావి మూసేయడమే మేలు.

ఇప్పుడు ఒప్పందం. రెండు రకాలు ఉంటాయి. సీజన్ మొత్తానికి ఒకే మొత్తం కట్టేది ఒకటి, వచ్చిన ప్రతిసారీ లెక్క కట్టేది ఒకటి. 2010 డిసెంబరులో మధ్య ఇంగ్లండ్ సగటు ఉష్ణోగ్రత మైనస్ 0.7 డిగ్రీలు. సరిగ్గా ఐదేళ్లకు, 2015 డిసెంబరులో, అది 9.7 డిగ్రీలు. మొదటి ఏడాది ప్రతిసారీ కట్టినవాళ్లకు బిల్లు పేలిపోయి ఉంటుంది, రెండో ఏడాది ఒకే మొత్తం కట్టినవాళ్లు ఊరికే కట్టామని బాధపడి ఉంటారు. మీ ప్రాంతానికి, మీ స్థలానికి వచ్చిన ప్రతిసారీ కట్టే పద్ధతే నేను సూచిస్తాను, ఒక సీజన్‌కు ఇంతకు మించదనే గరిష్ఠ పరిమితి అడిగి పెట్టించుకుని. అప్పుడు మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే: చలి లేకపోతే పెద్దగా డబ్బు పోదు.

కానీ ఒక్క విషయంలో పట్టు విడవకండి. వాళ్లు రావడం మీ ఫోన్ కాల్ మీద ఆధారపడకూడదు. నేల ఉష్ణోగ్రత అంచనా ఫలానా అంకెకు పడితే వాళ్లంతట వాళ్లే రావాలని కాగితం మీద ఉండాలి. సున్నా అని చాలామంది రాస్తారు. వృద్ధులు ఉండే చోటు కాబట్టి మీరు 1 డిగ్రీ అని రాయించండి. నాలుగైదు సార్లు అదనంగా వస్తారు, రానివ్వండి. ఆ అంచనా ఎవరి దగ్గర నుంచి తెస్తారో అడగండి. వచ్చిన టైము, చల్లిన ఫోటోలు, ఆ రోజు అంచనా మీకు పొద్దున్నే మెయిల్‌లో రావాలి. రాని రాత్రికి కూడా ఎందుకు రాలేదో రికార్డు ఉండాలి. నాకు లేకపోయింది అదే. ఎన్ని గంటల లోపు పూర్తి చేస్తారో రాయించండి, మీకైతే ఆరు. వాళ్ల బండి చెడిపోతే ప్రత్యామ్నాయం ఏమిటో, వాళ్ల పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (వాళ్ల పని వల్ల బయటివాళ్లకు దెబ్బ తగిలితే పరిహారానికి) ఎంతో, వాళ్ల దగ్గర ఉప్పు నిల్వ ఎంతో అడగండి. 2010 జనవరిలో దేశమంతా ఉప్పుకు కటకట వచ్చినప్పుడు నిల్వ పెట్టుకున్నవాళ్లే ఒప్పందం నిలబెట్టుకోగలిగారు. ఇదంతా సెప్టెంబరు, అక్టోబరులోనే తేల్చుకోండి. వాళ్ల బండ్లు తిరిగే రూట్లు అప్పుడే నిండిపోతాయి, మొదటి ఫ్రాస్ట్ పడ్డాక ఫోన్ చేస్తే మీరు వరసలో చివర ఉంటారు.

సంతకం పెట్టే ముందు ఒక పని చేయండి. ఒకరోజు ఉదయం ఆరున్నరకు మీరే బస్టాప్ దగ్గర దిగి, మీ సిబ్బంది నడిచే దారిలో టార్చ్ లేకుండా లోపలికి నడవండి. వాళ్లు గడ్డి మీదుగా అడ్డదారి పడతారు, అది ప్లాన్‌లో ఉండదు. అంబులెన్స్ ఆగే చోటు, వీల్‌చైర్ ర్యాంప్, చెత్త డబ్బాల దగ్గరికి వెళ్లే మెట్లు, సిగరెట్ తాగే షెల్టర్, ఫైర్ ఎగ్జిట్ నుంచి అందరూ చేరే చోటు దాకా ఉన్న దారి, అన్నీ ఒక మ్యాప్ మీద గుర్తించండి. ఉత్తరం వైపు గోడ నీడలో మధ్యాహ్నం దాకా ఐస్ కరగదు, అక్కడ ఒక గీత పెట్టండి. పైకప్పు గొట్టం కారి దారి మీద నీళ్లు పారుతుంటే అది వాతావరణం తప్పు కాదు, ప్లంబర్‌ని పిలవండి, ఎంత ఉప్పు చల్లినా అక్కడ నిలవదు. ఆ గుర్తులన్నీ పెట్టిన మ్యాప్ ఒప్పందానికి జత చేయించండి. కంపెనీ వాళ్లు తమంతట తాము గీసిన మ్యాప్‌లో ముందు కార్ పార్కు, మెయిన్ డోర్ తప్ప ఏమీ ఉండవు. గీసి ఇక్కడ పెడితే నేనూ ఒకసారి చూసి చెబుతాను.